మిస్డ్ కాల్ వస్తే వాన సున్నా

కొత్త కంప్యూటర్ భాషకు మారడం రెండు వారాల పని అని ఎవరైనా నా ముందు అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్‌లో అదే మాట అంది. తను ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. "పెద్దమ్మా, నువ్వు కూడా అప్పట్లో లువా నుంచి పైథాన్‌కు మార్చినావంట కదా, ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగింది. తొమ్మిది రోజులు అన్నాను. "సూపర్ పెద్దమ్మా!" అంది. ఆ తొమ్మిది రోజుల తర్వాత ఏం జరిగిందో తను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. అందుకే ఇది రాస్తున్నాను. తనలాంటి పిల్లలు చదివితే చాలు.

నేను అనంతపురంలో వాన లెక్కలు చూసే ఒక చిన్న విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మా బంధువులకు అదొక వేళాకోళం. మన జిల్లాలో వాన లెక్క చూసేవాళ్లకు పనేముంటుంది, ఫ్యాను కింద కూర్చుని జీతం తీసుకోవడమే కదా అనేవాళ్లు. నిజానికి మాకు పని తగిలేది వాన పడని రోజుల్లోనే. వాన పడితే అందరికీ తెలుస్తుంది. పడలేదని పైవాళ్లను నమ్మించాలంటేనే కాగితం కావాలి. వరసగా ఇన్ని వారాలు చినుకు లేదని మా కాగితం చెబితేనే ఒక మండలం కరువు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఆ ఊళ్లకు పశువుల గడ్డి వస్తుంది. ఎక్కకపోతే ఎవరి పశువుల తిప్పలు వాళ్లవే.

నేను చేరిన కొత్తలో ఆ లెక్క మనుషులే పంపేవాళ్లు. ఊళ్లో బడి ఆవరణలోనో ఇంకెక్కడో ఒక రెయిన్‌గేజి ఉండేది. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలున్న గ్లాసు, అంతే. పొద్దున ఎనిమిదిన్నరకు ఒక మనిషి సీసాలోని నీళ్లు గ్లాసులో పోసి కొలిచి మాకు ఫోన్ చేయాలి. మనుషుల చేతికి ఫోన్లు వచ్చాక మాలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. వాన పడితే ఫోన్ చేసి మాట్లాడాలి. పడకపోతే మిస్డ్ కాల్ ఇస్తే చాలు. మిస్డ్ కాల్ వచ్చిందంటే సున్నా. అసలు ఫోనే రాకపోతే సున్నా అని రాయకూడదు. ఆ మనిషికి జ్వరం వచ్చిందేమో, సిగ్నల్ లేదేమో కనుక్కోవాలి. ఈ రెండింటికీ తేడా మా ఆఫీసులో స్వీపరుకు కూడా తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయింది దీన్నే.

అలా మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లలో కళ్యాణదుర్గం అవతల ఊరి ఆయన ఒకరున్నారు. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. వానను నమ్ముకుని వేరుశనగ వేసే చిన్న రైతు, ఒక జత ఎద్దులుండేవి. ఆదివారం చర్చికి వెళ్లే ముందు కూడా గ్లాసు చూసి, ఫోన్ కొట్టి, అప్పుడు వెళ్లేవాడు. ఒకసారి కూతురి పెళ్లినాడు పందిట్లోంచి మిస్డ్ కాల్ ఇచ్చాడని మా ఆఫీసంతా నవ్వుకున్నాం. ఆయన్ని నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను తల్లీ అనేవాడు.

తర్వాత ఊళ్లకు ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చాయి. పంచాయితీ ఆఫీసు మిద్దె మీద ఒక స్తంభం, దానికి సోలార్ పలక, లోపల చిన్న బకెట్. అర మిల్లీమీటరు వాన పడితే బకెట్ నిండి ఒరిగిపోతుంది, ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క. ఆ లెక్కను యంత్రమే మా కంప్యూటర్‌కు మెసేజ్‌గా పంపుతుంది. యంత్రాలు పెట్టిన కంపెనీ వాళ్లు మా కంప్యూటర్‌లో లువా అనే చిన్న భాషలో ఒక ప్రోగ్రాం కూడా రాసిపెట్టారు. వాళ్ల ఇంజనీరు బళ్లారి వైపు మనిషి, మాటల్లో తెలుగెంతో కన్నడమంతే. నెలకోసారి వచ్చి నా పక్కన కూర్చుని నేర్పేవాడు. "ఇది సణ్ణ భాష మేడమ్, ఒక సాయంత్రానికి వచ్చేస్తాది" అన్నాడు. సణ్ణ అంటే కన్నడంలో చిన్న. నాకు ఆరు నెలలు పట్టింది. టైపు పరీక్ష పాసై ఉద్యోగంలోకి వచ్చిన దాన్ని, నలభై దాటాక ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. అది నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ గర్వమే తర్వాత నా కొంప ముంచింది.

ఆ ప్రోగ్రాం చేసే పని చాలా సులువైనది. ఏ స్టేషన్ నుంచి ఎంత వాన వచ్చిందో రాసుకోవాలి. బ్యాటరీ పోయో సిగ్నల్ లేకో మెసేజ్ రాకపోతే ఆ గడిని ఖాళీ అనుకుని, చుట్టుపక్కల స్టేషన్ల సగటు తీసి అక్కడ నింపాలి. అలా నింపమన్నది పైవాళ్ల నిబంధన.

యంత్రాలు వచ్చాక ఊళ్లలో మనుషులు చూడటం అక్కర్లేదని మౌఖికంగా చెప్పేశారు. చాలామంది మానేశారు. ఈ అన్న మానలేదు. "ఆ మిషన్లో కందిరీగలు గూడు పెడితే ఎవురు సూస్తారు తల్లీ? నాకు పొద్దన్నే పనేముండాది" అన్నాడు. మిస్డ్ కాల్ మాత్రం రోజూ నా ఫోన్‌కు వచ్చేది. మా పక్క సీటాయన పాత అలవాటుకొద్దీ వాటిని రిజిస్టర్‌లో ఎక్కించేవాడు. "ఒకే పని రెండుసార్లు ఎందుకు సార్, కంప్యూటర్ ఉంది కదా" అని పట్టుబట్టి ఆ రిజిస్టర్ మూయించింది నేనే. ఆయన అట్ట మీద దారం చుట్టి బీరువాలో పెట్టేశాడు.

కొన్నేళ్లకు కంపెనీ కాంట్రాక్టు ముగిసింది. అన్ని చోట్లా ఒకే భాష ఉండాలి, లువా తెలిసినవాళ్లు దొరకడం లేదు, జూన్ నాటికి అంతా పైథాన్‌లోకి మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా సార్ నన్ను పిలిచి, "బయటోళ్లని పిలిస్తే ఆలస్యమైతాది. నువ్వు చేయగలవా?" అని అడిగాడు. అప్పటికి నాకు యాభై అయిదు దాటాయి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, చేస్తాను సార్ అన్నాను.

పాత ప్రోగ్రాం ఒక పక్క, కొత్తది ఒక పక్క పెట్టుకుని వరసకు వరస మార్చుకుంటూ పోయాను. రెండు భాషలూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అదే వచ్చిన చిక్కు. అక్కడక్కడా ఆ బళ్లారి ఇంజనీరు తన కోసం రాసుకున్న వ్యాఖ్యలున్నాయి. కంప్యూటర్ వాటిని చదవదు, చదివే మనిషి కోసం రాసేవి. యంత్రానికి పనికిరానివి మనకెందుకని వాటన్నిటినీ వదిలేశాను. తొమ్మిదో రోజుకు పని అయిపోయింది.

ఇప్పుడు పరీక్ష సంగతి. మార్చి, ఏప్రిల్ లెక్కలు రెండు ప్రోగ్రాములకూ ఇచ్చి చూశాను. మా జిల్లాలో ఆ నెలల్లో ఏముంటుంది? పైనుంచి కింది దాకా సున్నాలే. ఇటు సున్నా, అటు సున్నా, అన్నీ అచ్చంగా సరిపోయాయి. పాత ఆగస్టు లెక్కలు వేరే డిస్కులో ఉన్నాయి, ఆ డిస్కు బీరువాలో ఉంది, తాళం పక్క సీటాయన దగ్గర ఉంది. ఆయన ఆ రోజు సెలవు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు. సార్ అందరినీ పిలిచి నాకు మైసూర్‌పాక్ తినిపించాడు.

జూన్‌లో వానలు బాగానే పడ్డాయి, అందరూ విత్తనం వేశారు. జూలై చివర్లో మొహం చాటేశాయి. మా వైపు వాన సంగతి మీకు తెలియకపోతే చెబుతాను. రోడ్డుకు ఇటు పక్క చేను మునుగుతుంది, అటు పక్క దుమ్ము లేస్తుంటుంది. ఆ ఆగస్టులో కళ్యాణదుర్గం అవతల అలాగే అయింది. పక్క మండలాల్లో అక్కడక్కడా జల్లులు, ఈ అన్న ఊరికి, వాళ్ల మండలానికంతా చుక్క లేదు. వేరుశనగకు ఊడలు దిగే సమయం అది. అప్పుడు తడి లేకపోతే ఊడ నేలలోకి పోదు, కాయ కట్టదు. పశువులకు మేతగా వేసే వేరుశనగ కట్టె కూడా మిగలదు.

నా తెర మీద మాత్రం ఆ ఊళ్లో వాన పడుతోంది. కొద్దికొద్దిగానే, కానీ పడుతోంది. వాన లేని రోజుల వరస మధ్యలో తెగిపోతోంది.

ఒకరోజు ఆయన మిస్డ్ కాల్ ఇవ్వకుండా నేను ఎత్తేదాకా ఫోన్ మోగించాడు.

"ఏం తల్లీ, మా ఊర్లో వాన పడిందని రాస్తాండారంట? ఎవురు సెప్పినారు మీకు?"

"ఎవరూ చెప్పలేదన్నా, మీ ఊరి మిషనే పంపిస్తాండాది."

"మిషన్ యాడుండాది? పంచాయితీ మిద్దె మీదుండాది. నా గేజి బడికాడుండాది. మద్దెన రోడ్డు గూడా ల్యా. ఆడ పడి ఈడ పడకుండా పోతాదా?"

"మిషన్ అబద్ధమెందుకు చెప్తాదన్నా?"

"నేనెందుకు సెప్తా మరి?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. పని ఉందని ఫోన్ పెట్టేశాను.

జాబితా పంపాల్సిన రోజు ఆయన ఆఫీసుకే వచ్చాడు. షేర్ ఆటోలో కళ్యాణదుర్గం దాకా, అక్కణ్నుంచి బస్సులో. సార్ గదిలో సార్, పక్క సీటాయన, నేను ఉన్నాం. అన్న తువ్వాలు విప్పి ఒక వేరుశనగ చెట్టు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఊడలు గాల్లోనే ఎండిపోయి ఉన్నాయి. వేళ్ల మట్టి సార్ ఫైళ్ల మీద రాలింది. దాని పక్కన తన నోటుపుస్తకం పెట్టాడు.

"గడ్డి రాకపోతే ఎద్దుల్ని నిలుపుకోల్యాను సార్. వాన పడింటే నేను అడగను. పడల్యా."

సార్ ముందు మట్టి దులుపుకున్నాడు. తర్వాత నోటుపుస్తకం తిప్పాడు. పేజీ నిండా తేదీలు, ఎదురుగా సున్నాలు.

"ఏమప్పా, నెలంతా సున్నాలేనా? ఒకే పెన్ను, ఒకే ఇంకు. ఇంట్లో కూర్చోని ఒక్క పూటలో రాసుకోనొచ్చినావా?"

"నాకుండేది ఒకే పెన్ను సార్. వాన పడింటే ఇంగో అంకె రాసిందును."

సార్ నా వైపు తిరిగాడు. "ఏం మేడమ్, ప్రోగ్రాంలో తప్పేమన్నా ఉండాదా?"

"లేదు సార్. పరీక్ష చేసినాను" అన్నాను.

ఆ రెండు మాటలూ అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. అన్న నన్నే చూస్తున్నాడు. "నీ ఫోన్లో సూడు తల్లీ. దినామూ కొట్టినాను గదా" అన్నాడు. ఫోన్ నా చేతిలోనే ఉంది. తెరిచి చూపిస్తే ఆయన నంబరు వరసగా, రోజుకొకటి, ఎనిమిదిన్నర దగ్గర ఎర్రగా కనిపించేది. ఒకే పూట రాసుకొచ్చాడన్న నింద అక్కడికక్కడే తేలిపోయేది.

"అవి ఇప్పుడు లెక్కలోకి రావన్నా" అని ఫోన్ బోర్లా పెట్టాను.

పక్క సీటాయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. "కరువు కావాలని దొంగ లెక్కలు రాస్తే కేసు పెట్టాల్సి వస్తాది, పెద్దోడివని వదుల్తాండా" అన్నాడు సార్. అన్న నోటుపుస్తకం తీసుకుని లేచాడు. చెట్టును అక్కడే వదిలేశాడు. సాయంత్రం జాబితా వెళ్లింది. ఆ మండలం పేరు అందులో లేదు.

పదిరోజులు గడిచాయి. ఆ అన్న మిస్డ్ కాల్స్ ఆగలేదు. ఒక పొద్దున ఫోన్ మోగి ఆగేసరికి నేను తెర ముందు ఉన్నాను. ఆయన ఊరి ఎదురుగా ఉన్న అంకె చివర ముప్పై ఏడు అని ఉంది. ఒకటి పాయింట్ ముప్పై ఏడు. బకెట్ అర మిల్లీమీటరు చొప్పునే లెక్కిస్తుంది. అర, ఒకటి, ఒకటిన్నర పంపగలదు. ముప్పై ఏడును ఆ యంత్రం ఈ జన్మలో పంపలేదు. ఆ అంకె సగటు తీస్తే వచ్చింది.

యంత్రం పంపిన అసలు మెసేజ్‌లు తెరిచాను. ఆ రోజు సున్నా. అంతకుముందు రోజు సున్నా. జూలై చివరి దాకా వెనక్కి వెళ్లాను. అన్నీ సున్నాలే, ఆయన నోటుపుస్తకంలో ఉన్నట్టే.

తప్పు ఒకే వరసలో ఉంది. లెక్క వచ్చిందా అని ప్రోగ్రాం అడిగే వరస అది. లువాలో సున్నా వస్తే వచ్చిందనే అర్థం. పైథాన్‌లో అదే ప్రశ్న అదే మాటల్లో అడిగితే, సున్నాను ఏమీ రానట్టే చూస్తుంది. కొత్త ప్రోగ్రాం వాన పడని ప్రతి రోజునూ మెసేజ్ రాని రోజు అనుకుని, పక్క మండలాల జల్లులు తెచ్చి ఆ ఊరి మీద పోసింది. ఎండాకాలంలో చుట్టుపక్కల కూడా ఏమీ లేదు కాబట్టి సున్నానే మిగిలింది, నా పరీక్ష పాసైంది. పాత ప్రోగ్రాం తెరిచి చూస్తే ఆ వరస పక్కన బళ్లారి ఇంజనీరు వ్యాఖ్య ఉంది. సున్నా కూడా లెక్కే, వదలొద్దని రాసుకున్నాడు. ఇరవై ఏళ్లు మిస్డ్ కాల్‌కూ, రాని కాల్‌కూ తేడా చూసి బతికిన దాన్ని, ఆ తేడా తెలియని ప్రోగ్రాం రాశాను.

దిద్దడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రింటు తీసుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన తలుపు మూయమన్నాడు.

"జాబితా ఎన్ని మండలాలకు మారుతుంది?"

"ఆ ఒక్కదానికే సార్."

"ఒక్కదానికేనా!" ఆయన మొహంలో రిలీఫ్ కనిపించింది. "జాబితా పైకి పోయింది, సంతకాలైనాయి. ఇప్పుడు మా ప్రోగ్రాం తప్పని రాస్తే మిగతా మండలాలన్నీ తిరగదోడతారు. ముందు నీకే మెమో వస్తాది. రిటైర్‌మెంట్ ముందర ఏంటికమ్మా? సాంకేతిక సవరణ అని రాసి లోపల మార్చేయ్."

కాదనలేదు. ఆ మాట నేను సార్ మీదికి నెట్టను. సాంకేతిక సవరణ అని నా చేత్తోనే రాసి నేనే సంతకం పెట్టాను. బయటికొస్తే పక్క సీటాయన ఏమైందని అడిగాడు. ఏం లేదు సార్ అన్నాను. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది, టీ తాగుదాం రా మేడమ్ అన్నాడు.

చలికాలంలో ఆ అన్న మళ్లీ వచ్చాడు. గ్లాసు, గేజి తాళంచెవి అప్పగించమని సార్ ఆయనకు నోటీసు పంపించాడు. గ్లాసును తువ్వాల్లో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దానికి చిన్న పగులు కూడా లేదు. రసీదు రాస్తూ, ఎద్దులు ఎలా ఉన్నాయన్నా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"సంతకు తోలేస్తి తల్లీ. నిలబడే ఓపిక గూడా ల్యాకపాయ వాటికి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేక మొత్తం చెప్పేశాను, భాష మార్చడం, సున్నా, నా తొమ్మిది రోజులు, అన్నీ. ఆయన ఎక్కడా ఆపకుండా విన్నాడు.

"అయితే మిషన్ చెడిపోల్యా?"

"లేదన్నా."

"అది సున్నానే పంపిందా?"

"పంపింది."

"నేనూ సున్నానే పంపితి." గ్లాసును నా వైపు జరిపాడు. "మద్దెన నువ్వా?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ఎద్దులు ఎట్లాగూ పాయ. మీ సార్ మాట ఊర్లో దాకా వచ్చిండాది. దొంగ లెక్కలోడంటాండారు నన్ను. చర్చిలో నా పక్కన కూసోడానికి ఆలోచన చేస్తారు. ఇన్నేండ్లు నేను సూసింది నిజమేనని నా పేరు పెట్టి ఒక చిన్న కాగితం రాసీ తల్లీ. ఇంగేమీ వద్దు" అన్నాడు.

"సార్‌ని అడిగి చెప్తానన్నా" అన్నాను.

అడగలేదు. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మిస్డ్ కాల్ కాదు, పూర్తిగా మోగేదాకా చేశాడు. నేను ఎత్తలేదు. తర్వాత చేయడం మానేశాడు. రిటైరైన రోజు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి నన్ను సాగనంపారు. ఆధునిక పరిజ్ఞానాన్ని ఆఫీసుకు పరిచయం చేసిన మహిళ అని సార్ మైకులో పొగిడాడు. నేను దండం పెట్టాను.

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు, ఆలస్యంగానైనా ఆ కాగితం ఇదే అవుతుందనుకున్నాను. ఆయన పేరు, ఊరి పేరు మొదటి వరసలోనే రాశాను. చదువుకుని కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. పేరుంటే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ ఏడాది సవరణ కాగితం మీద సంతకం ఎవరిదో తెలుస్తుంది. నాకింకా భయమే. ఇంత రాశాక కూడా ఇందులో ఆయన పేరు లేదు. ఊళ్లో ఎవరికైనా చూపించుకోవడానికి ఇది ఆయనకు పనికిరాదు.